పైడితల్లి ఎంచిన బ్రష్షు

గోపాలపట్నంలో రైలు పట్టాలకి దగ్గరగా ఒక పెంకుటిళ్ల వరస ఉండేది. అందులో చివరి నుంచి రెండో వాటాలో పైడితల్లి, ఆమె భర్త తవిటయ్య, అత్త కాశమ్మ కాపురం ఉండేవారు. వాళ్లది చీపురుపల్లి అవతల ఓ పల్లె. ఉన్న ఎకరమున్నరా వాన కురిస్తేనే పండేది. పెళ్లయిన రెండో ఏడే మొగుడూ పెళ్లాలిద్దరూ పట్నం వచ్చేశారు. తవిటయ్య పోర్టులో బస్తాలు మోసే కూలీగా చేరి, తొమ్మిదేళ్లకి వించి డ్రైవరయ్యాడు. ఓడ అడుగు నుంచి బస్తాల వల పైకి లేస్తుంటే, కిందనున్న మనిషి చెయ్యి ఎటు ఊపాడో చూసి మీట సరిగ్గా అంతే తిప్పేవాడు. అతను వించి మీద ఉన్నాడంటే కింద పనిచేసేవాళ్లు తలెత్తి చూడకుండా పని చేసుకునేవారు.

1979 జులైలో ఒకనాడు, వాన పడుతుండగా ఓడ అడుగుకి దిగే ఇనప నిచ్చెన మీద అతని కాలు జారింది. పడింది ఎరువు బస్తాల మీదే, ఎత్తూ పెద్దది కాదు. కాని మెడ పడరాని తీరున పడింది. పెద్దాసుపత్రిలో ఐదు నెలలున్నాడు. కాళ్లు మెల్లమెల్లగా తిరిగొచ్చాయి, కర్ర చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడవగలిగాడు. చేతులు మోచేతి దాకానే వచ్చాయి. మణికట్టు కింద ప్రాణం లేదు. పదివేళ్లూ ఎండకి వడిలిన బీరతీగల్లా వేలాడుతుండేవి.

అన్నం పైడితల్లి కలిపి నోట్లో పెట్టేది. ఒళ్లు రుద్దేది, పంచె కట్టేది, ఈగ వాలితే తోలేది. వీటన్నిటికీ తవిటయ్య ఎలాగో అలవాటు పడ్డాడు. ఒక్క దానికి మాత్రం పడలేకపోయాడు. తన నోట్లో ఇంకొకరి వేలు దూరడం అతనికి భరించరానిదైపోయింది. కాశమ్మ బొగ్గుపొడిలో ఉప్పు కలిపి కొడుకు పళ్లు తోమబోతే డోకు వచ్చేది. పైడితల్లి వేపపుల్ల మెత్తగా నమిలి, కుంచెలా చేసి పెడితే పళ్లు బిగించేసేవాడు. ఒకసారి అలా బిగించినప్పుడు ఆమె చూపుడువేలు తెగింది. ఆ వేలు చూసి అతను పిల్లాడిలా ఏడ్చాడు. ఆ మర్నాటి నుంచి పళ్లు తోమడం అనే పనే ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే నోట్లో నీళ్లు పోస్తే పుక్కిలించి ఉమ్మేవాడు, అంతే.

ఏడాది తిరిగేసరికి చిగుళ్లు వాచి పళ్ల మీదికి ఎక్కొచ్చాయి. మెత్తటి ఇడ్లీ ముక్క తగిలినా నెత్తురొచ్చేది. వాసన గది దాటి వసారాలోకి వచ్చేది. పోర్టు స్నేహితులు చూడవస్తే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి కూడా చెయ్యి లేని మనిషి ఏం చేస్తాడు? గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్లు కాసేపు కూర్చుని, అతనికి తమ మీద కోపమేమో అనుకుని లేచిపోయేవారు. ఒక్కొక్కరే రావడం మానేశారు.

అంతకంటే పెద్ద ముప్పు రొమ్ములోంచి వచ్చింది. వర్షాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి జ్వరం వచ్చి రొమ్ము కఫంతో నిండిపోయింది. 1981 ఆగస్టులో మూడోసారి వచ్చినప్పుడు మనిషి మిగలడనే అనుకున్నారు. ఎలాగో గట్టెక్కాక వార్డు డాక్టరు పైడితల్లిని పక్కకి పిలిచి, నోట్లో కుళ్లంతా రాత్రిపూట ఊపిరితిత్తుల్లోకి జారుతోందనీ, గట్టిగా దగ్గి బయటికి తెచ్చుకునే బలం అతనికి లేదనీ, నోరు బాగుపడకపోతే నాలుగో జ్వరాన్ని తట్టుకోవడం కష్టమనీ చెప్పాడు. చీటీ రాసి పళ్ల డాక్టరు దగ్గరికి పంపించాడు.

పళ్ల డాక్టరు పద్మావతి చిన్నవయసుది. చదువు ముగించి రెండేళ్లయి ఉంటుంది. సన్నటి పరికరం చిగురుకి ఆనీ ఆనకముందే నెత్తురు కారడం చూసి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ చిగుళ్లతో ఇప్పుడు పళ్లు పీకితే నెత్తురు ఆపడం కష్టమనీ, అది కాస్తా ఊపిరితిత్తుల్లోకి పోతే మొదటికే మోసమనీ చెప్పింది. ముందు వాపు దిగాలి. అందుకు పూటపూటా ప్రతి పన్ను మొదలూ మెత్తగా శుభ్రం చెయ్యడం తప్ప మందు లేదు.

పైడితల్లి తన వేలు మీది మచ్చ చూపించి, తాను చెయ్యని ప్రయత్నం లేదంది. పద్మావతి ఆ మచ్చ చూసి, ఆమెతో మాట్లాడకుండా తవిటయ్య వైపు తిరిగింది. ఎందుకు చెయ్యనివ్వడం లేదని అతన్నే అడిగింది. చాలాకాలానికి అతని గురించి అతన్ని అడిగినవాళ్లు కనపడ్డారు. అతను పెదాలు విప్పీ విప్పకుండా జవాబు చెప్పాడు.

"నా నోరు నానే కడుక్కోవాల, డాట్రమ్మా. ఇంకోల సేత కడిగించుకునే కాడికొస్తే, ఇంక నాకంటూ ఏటుంది?"

పద్మావతి చాలాసేపు అతని మోచేతులు వంచి, చాచి చూసింది. మణికట్టుకి పట్టీతో మామూలు బ్రష్షు కట్టి ప్రయత్నించమంది. చెయ్యి నోటిదాకా వచ్చింది కాని, పన్ను మీద అటూ ఇటూ కదపడం అతని వల్ల కాలేదు. భుజం మొత్తం ఊగి బ్రష్షు బుగ్గలో గుచ్చుకుంది. అప్పుడామె, పరదేశాల్లో కరెంటుతో తిరిగే బ్రష్షులు ఉంటాయని, కుంచె దానంతటదే కదులుతుందని, మనిషి ఆన్చి ఉంచితే చాలని చెప్పింది. తాను పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప వస్తువు చూడలేదంది. మన ఊళ్లో అమ్మరు, ఓడలవాళ్ల దగ్గర దొరికితే దొరకొచ్చు అంది.

ఇంటి ముందు రిక్షా దిగాక తవిటయ్య, అదేదో కరెంటుది నిజంగా ఉంటుందా అని పెళ్లాన్ని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని పైడితల్లి బయల్దేరింది.

అప్పటికి ఆమె పోర్టు క్యాంటీన్లో పిండి రుబ్బే పనిలో ఉంది. ఆదివారం సెలవు. పాత పోస్టాఫీసు వైపు సందుల్లో ఓడల మీంచి దిగిన సామాన్లు అమ్మే కొట్లుండేవి. టేపురికార్డర్లు, సెంటు సీసాలు, గొడుగులు, నైలాన్ బట్టలు. ఆ కొట్లన్నీ వరసగా తిరిగింది. పళ్లు తోముకోవడానికి కరెంటెందుకని కొందరు నవ్వారు. గడ్డం గీసుకునే మిషను చూపించి ఇదేనేమో అన్నారు కొందరు. గంగరాజు అనే కొట్టతను ఒక్కడూ నవ్వకుండా విని, వస్తే ఉంచుతానన్నాడు. నాలుగో ఆదివారం వెళ్లేసరికి బల్ల కింద నుంచి అట్టపెట్టె తీశాడు.

బ్రష్షు దంతం రంగులో ఉంది. పిడి పచ్చడిబండంత బరువు, దానికి పొడుగాటి వైరు. వైరు చివర రెండు చదునైన రేకులుంటే, మన ప్లగ్గులో పట్టేలా గంగరాజు మరో ముక్క తగిలించి ఇచ్చాడు. చీటీపాట డబ్బంతా అతని చేతిలో పెట్టి, పెట్టె పైటకొంగులో చుట్టుకుని ఆమె బస్సెక్కింది.

పక్కవాటాలో భీమశంకరరావుగారు, కామేశ్వరమ్మగారు ఉండేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్లు. ఆయన పోర్టు వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. ముందు ఆయనకి చూపించాలనే పైడితల్లి అనుకుంది. ఆయన డ్యూటీ నుంచి రావడానికి ఇంకో గంట ఉంది. పెట్టె గూట్లో పెట్టబోతుంటే మంచం మీంచి తవిటయ్య, "ఏదీ, సూపించు" అన్నాడు. రెండేళ్లలో అతను ఏ వస్తువునీ చూపించమని అడగలేదు. అతని కళ్లలో ఆ ఆత్రం చూసి ఆమె ఆగలేకపోయింది. బ్రష్షు తన చేత్తోనే పట్టుకుని ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది.

అది కందిరీగల తుట్టె కదిలినట్టు రొద పెట్టింది. పిడి చుర్రుమంది. కాలిన రబ్బరు వాసన, సన్నటి పొగ, ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె చేతిలోంచి అది కింద పడిపోయింది. కాశమ్మ వచ్చి స్విచ్చి కట్టేసింది. తవిటయ్య కాసేపు దానివైపు చూసి గోడకేసి తిరిగిపోయాడు.

సాయంత్రం భీమశంకరరావుగారు పిడి కింద అచ్చులో ఉన్నది చదివి తల పట్టుకున్నారు. అది నూటపది వోల్టుల మీద నడిచేది, మన కరెంటు దానికి రెట్టింపు. "గంట ఆగి ఉంటే వర్క్‌షాపులో చిన్న ట్రాన్స్‌ఫార్మరు చుట్టి ఇచ్చేవాణ్ణి కదమ్మా" అన్నారు. అన్న వెంటనే అనకుండా ఉండాల్సిందని ఆయన ముఖంలో తెలిసింది. కామేశ్వరమ్మగారు ఆయన్ని కసిరి లోపలికి పంపేశారు. పైడితల్లికి మాత్రం ఆ గంట గుండెలో దిగబడిపోయింది. పిండి రుబ్బుతున్నా, బస్సులో నుంచున్నా అదే. ఒక్క గంట. ఆ గంటలో తాను చెంబెడు నీళ్లు కాచుకుని ఉన్నా సరిపోయేది.

పొగ వచ్చిన సంగతి విని గంగరాజు నొచ్చుకున్నాడు. వచ్చే నెలలో ఇంకొకటి తెప్పించి, తన లాభం చూసుకోకుండా ఇచ్చాడు. ఇది ఎర్రటిది. వైరు లేదు, పెన్ను టార్చిలో వేసే సన్నటి సెల్లు రెండు వేస్తే నడుస్తుంది. ఈసారి పైడితల్లి దాన్ని తిన్నగా భీమశంకరరావుగారి చేతిలోనే పెట్టింది. ఆయన విప్పి చూసి, భయం లేదన్నాక పాతచీర అంచు చింపి తవిటయ్య అరచేతికి బ్రష్షు కట్టింది.

అతను మంచం మీద కూర్చుని, మోచెయ్యి మోకాలికి ఆన్చి, తల వంచి బ్రష్షు నోట్లో పెట్టుకున్నాడు. ఎవరూ సాయం పట్టలేదు. అందరూ బయటికి పొమ్మని కళ్లతోనే సైగ చేశాడు. పైడితల్లి వసారాలో నిలబడి ఆ గుయ్యిమనే చప్పుడు వింది. ఆగకుండా వింటూనే ఉంది. అది మరీ ఎక్కువసేపు అవుతుంటే తలుపు తోసింది. అతని గడ్డం మీంచి నెత్తురు కారి బనీను ముందుభాగమంతా తడిసి ఉంది. ఇంత నొప్పి పెడుతోందంటే బ్రష్షు పనిచేస్తున్నట్టేననుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, అతను ఇంకా తోముకుంటూనే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాగేదాకా ఆపలేదు.

మర్నాడు ఆసుపత్రిలో పద్మావతి ఆ కుంచెని బొటనవేలితో రాసి చూసి, దీని పోచలు చీపురుపుల్లల్లా ఉన్నాయంది. ఈ జోరుతో ఇంత గట్టి కుంచె తిరిగితే మంచి చిగుళ్లే చీరుకుపోతాయి. కావలసింది మెత్తటి కుంచె, చివర్లు మొద్దుబారినవి, మెల్లగా తిరిగేవి. పిడి కూడా తేలిగ్గా ఉండాలి, లేకపోతే చెయ్యి అలిసి బరువంతా చిగుళ్ల మీదే పడుతుంది. మెత్తదో కాదో తనకెలా తెలుస్తుందని పైడితల్లి అడిగింది. చదువు రాని మనిషికి అర్థమయ్యే గుర్తు ఏం చెప్పాలా అని డాక్టరమ్మ ఆలోచించి, కళ్లు మూసుకుని రెప్ప మీద ఆన్చి చూసుకోమంది. రెప్ప ఓర్చుకున్నదాన్ని ఆ చిగుళ్లూ ఓర్చుకుంటాయంది.

ఇంటికి వచ్చి పైడితల్లి ఆ ఎర్రబ్రష్షునే వేడినీళ్లలో నానబెట్టింది. కొబ్బరినూనెలో ముంచింది. సానరాయి మీద మెల్లగా అరగదీసింది. ఎన్నిసార్లు రెప్ప మీద పెట్టుకున్నా కంట్లో నీళ్లు తిరిగాయి. ఆ తంటాలన్నీ తవిటయ్య మంచం మీంచి చూశాడు. ఆ సాయంత్రం నుంచి అన్నం ముద్ద తెస్తే నోరు తెరవలేదు. గంజి తెచ్చినా తెరవలేదు. కాశమ్మ బతిమాలింది, తిట్టింది, కొడుకు కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. గుక్కెడు నీళ్లు మాత్రం తాగేవాడు. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున పైడితల్లి పనికి బయల్దేరుతుంటే పిలిచాడు.

"ఒలే పైడీ. నన్నొగ్గీ."

"ఏటి?"

"నీకు అలుపు నేదా? నాకుంది. ఎన్ని తెచ్చినా ఈ నోరు బాగవ్వదు. సేతులు పోయినాడే నాను పోవాల్సింది. ఒగ్గీవే."

పైడితల్లి కూడా నాలుగు రోజుల నుంచి సరిగ్గా తినలేదు. నోటికొచ్చిందే అంది. "సావాలంటే సావు మావా, నాను అడ్డు రాను. గాని ఈ కంపుతో మాత్రం సావకు. నిన్ను మొయ్యడానికొచ్చినోలు ముక్కు మూసుకుంటే నాను సూడ్నేను."

ఆ మాట అని ఆమె బస్సుకి వెళ్లిపోయింది. క్యాంటీన్లో రోలు ముందు కూర్చున్నాక గాని, తాను అన్నదేమిటో ఆమెకి పూర్తిగా వినపడలేదు. చేతులు పప్పులో ఉండగానే భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. టీకి వచ్చిన తాతబాబు అది చూశాడు.

తాతబాబుది యారాడ. బయట సముద్రంలో ఆగిన ఓడల దగ్గరికి వెళ్లే లాంచీలో ఖలాసీ. ఒకప్పుడు తవిటయ్యకి ప్రాణస్నేహితుడు. రెండుసార్లు చూడటానికి వెళ్లి, రెండుసార్లూ గోడవైపు తిరిగిన వీపే చూసి, ఇక వెళ్లలేదు. ఆ వీపు ఎందుకు తిరిగిందో పైడితల్లి ఇప్పుడు చెప్పింది. అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "నా మీద కోపమనుకున్నాను వదినా" అని, ఎలాంటి బ్రష్షు కావాలో మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. మెత్తది, మెల్లగా తిరిగేది, తేలికది, సెల్లుతో నడిచేది. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని వెళ్లాడు.

ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి తవిటయ్య గంజి తాగి ఉన్నాడు. పొద్దుటి మాట ఇద్దరూ ఎత్తలేదు. కాని మూడు రోజుల పస్తు ఊరికే పోలేదు. వారం తిరక్కుండా జ్వరం తగిలింది. నాలుగోది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఆక్సిజను గొట్టం. డాక్టరు ఈసారి పైడితల్లితో పెద్దగా ఏమీ చెప్పలేదు. దగ్గరివాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోమన్నాడు. పల్లె నుంచి తవిటయ్య అన్న వచ్చి, వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

తాతబాబు ఓడ వెంట ఓడ అడుగుతూనే ఉన్నాడు. ముడి ఇనుము కోసం వచ్చే ఓడలు రెండు రోజులుండి వెళ్లిపోతాయి. అడిగేలోపే కొన్ని కదిలిపోయాయి. ఐదో ఓడలో భాష తెలిసీ తెలియక పళ్లు చూపించి, చెయ్యి ఊపి అభినయిస్తుంటే, ఇంజను గదిలోంచి వచ్చిన ఒక ముసలి నావికుడు నవ్వి తన పై పెదవి ఎత్తి చూపించాడట. అతని చిగుళ్లూ ఎర్రగా, పళ్ల మీంచి దిగిపోయి ఉన్నాయట. మర్నాడు మధ్యాహ్నం ఓడవాళ్లు కాలక్షేపానికి వచ్చే క్లబ్బులో కలుస్తానన్నాడు.

పైడితల్లి ఆసుపత్రి నుంచి తిన్నగా తాతబాబుతో అక్కడికి వెళ్లింది. వరండా మెట్ల మీదే నిలబడిపోతే, ముసలాయన తనే బయటికి వచ్చాడు. తోడు ఇంకొక కుర్ర నావికుణ్ణి తెచ్చాడు. ఇద్దరూ చెరొక బ్రష్షూ వరండాలోని బల్ల మీద పెట్టారు. కుర్రవాడిది సరికొత్తది, నిగనిగలాడే పెట్టెలో ఉంది. పెద్ద పిడి, నొక్కితే జోరుగా గుయ్యిమంది. ముసలాయనది కాస్త పాతది, తెల్లరంగు పాలిపోయింది. దానికి విప్పని కాగితంలో నాలుగు కొత్త కుంచెలున్నాయి. నొక్కితే పిల్లి గుర్రుపెట్టినంత చప్పుడే.

కొత్తది తీసుకొమ్మని తాతబాబు ఆమె చెవిలో చెప్పాడు. అది ఖరీదైన సరుకని, ఎక్కువకాలం పనిచేస్తుందని అన్నాడు. పైడితల్లి రెండూ చెరో చేత్తో పట్టుకుని బరువు చూసింది. మొగుడి మోచెయ్యి ఏ బరువు దగ్గర వణుకుతుందో ఆమెకి తెలుసు. తర్వాత కళ్లు మూసుకుని, అంతమంది మగాళ్ల ముందు ఒక్కొక్కటే నడిపించి రెప్ప మీద ఆన్చుకుంది. కొత్తది సూదుల్లా చిటచిటలాడింది. రెండోసారి ఆన్చబోతే రెప్ప దానంతటదే బిగుసుకుంది. పాతదానికి కొత్త కుంచె తగిలించి పెట్టుకుంటే చక్కిలిగింత పెట్టినట్టయింది. నమ్మకం కుదరక అలాగే ఉంచుకుని మనసులో ఇరవై దాకా లెక్కపెట్టింది. కంట నీరు రాలేదు.

"ఇదే" అంది తాతబాబుతో.

డబ్బు మాట ఎత్తితే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. బ్రష్షు తన చేతిలోకి తీసుకుని, ఎలా వాడాలో తన చిగుళ్ల మీదే చూపించాడు. పన్నూ చిగురూ కలిసే చోట ఏటవాలుగా ఊరికే ఆన్చాడు. నొక్కలేదు, రుద్దలేదు. ఒక పన్ను అయ్యాక పక్క పన్ను. రుద్దినట్టు నటించి, వేలు అడ్డంగా ఊపి వద్దన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన మళ్లీ మొదటి నుంచి చూపించి, ఆమె చేత కూడా చేయించి గాని వదల్లేదు.

ఆసుపత్రి మంచం మీద తవిటయ్యకి జ్వరం ఇంకా వదల్లేదు. బ్రష్షు చూసి ముఖం తిప్పుకున్నాడు. పైడితల్లి బతిమాలలేదు. బ్రష్షు నడిపించి అతని కంటిరెప్ప మీద ఆన్చింది. అతను ఉలిక్కిపడి, తర్వాత కదలకుండా ఉండిపోయాడు. కాసేపటికి, రెండో కన్ను మీద కూడా పెట్టమన్నాడు.

భీమశంకరరావుగారు సైకిలు ట్యూబు ముక్క కోసి, అరచేతికి సరిపడేలా పట్టీ చేసి తెచ్చారు. మొదటిరోజు తవిటయ్య ముందుపళ్లు రెండు మాత్రమే చేసుకోగలిగాడు. నెత్తురొచ్చింది, కాని కారలేదు. రెండోరోజు నాలుగు. అలిసిపోతే ఆమె మోచేతి కింద తన అరచెయ్యి పెట్టేది, అంతే, బ్రష్షు ముట్టుకునేది కాదు. పళ్లు బిగించుకోవాల్సిన అవసరం అతనికి ఒక్కసారీ రాలేదు. జ్వరం తొమ్మిదోరోజు దిగింది. మందుల వల్ల దిగిందో, వయసు వల్లో, బ్రష్షు వల్లో పైడితల్లికి తెలియదు. డాక్టర్లు కూడా ఫలానా అని చెప్పలేదు.

ఇరవై రోజులకి ఉమ్ములో ఎర్రజీరలు తగ్గాయి. రెండు నెలలకి వాపు దిగి పళ్ల మొదళ్లు కనిపించాయి. పద్మావతి అప్పుడు ఐదు పళ్లు, ఒక్కో వారం ఒక్కోటి చొప్పున తీసేసింది. అవి ఎలాగూ నిలిచేవి కావు. మిగిలినవాటితో ఉగాది నాటికి తవిటయ్య అన్నం నమిలాడు. ఎంతో నెమ్మదిగా నమిలాడు. తాతబాబు యారాడ నుంచి వంజరం చేప ముక్కలు తెస్తే, ముల్లు తీసి పెట్టమని అడిగి రెండు తిన్నాడు. గోడవైపు తిరక్కుండా, తాతబాబుకి ఎదురుగానే కూర్చుని తిన్నాడు.

కష్టం అక్కడితో తీరిపోలేదు. చేతులు ఎప్పటికీ రాలేదు. నాలుగు కుంచెలూ అరిగిపోయాయి. చంటిపిల్లల బ్రష్షు తల కోసి, దారంతో చుట్టి తగిలిస్తూ ఇంకో ఏడాది లాక్కొచ్చారు. 1983 ఎండల్లో మోటారే ఆగిపోయింది. భీమశంకరరావుగారు పిల్లల బొమ్మకారులోని మోటారు అమర్చి చూశారు, అది పదిరోజులు కూడా నడవలేదు. పైడితల్లికి పాత భయమంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. పాత పోస్టాఫీసు సందులకి పరుగెత్తింది. గంగరాజు కొట్టు ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు. మిగతా కొట్లలో ఆమెని చూసి మళ్లీ నవ్వారు. తాతబాబు మళ్లీ ఓడల్లో అడగడం మొదలుపెట్టాడు.

వారం రోజులు తవిటయ్య పుక్కిలింతతోనే సరిపెట్టుకున్నాడు. ఎనిమిదోరోజు, అలాంటి చంటిపిల్లల బ్రష్షే ఒకటి, తల కొయ్యకుండా పిడితో సహా పట్టీకి కట్టమన్నాడు. ఆమె వద్దంది. బుగ్గలో గుచ్చుకున్న రోజు ఆమె మరిచిపోలేదు. కట్టమని మళ్లీ అన్నాడు. కట్టింది. ఏడాదిన్నరగా రెండు పూటలా ఎత్తిన మోచెయ్యి ఇప్పుడు మునుపటంత వణకడం లేదు. చెయ్యి కదపకుండా ఉంచి తలనే అటూ ఇటూ మెల్లగా ఊపాడు. గడియారంలో ముప్పావుగంట పట్టింది. ఉమ్మినప్పుడు ఎర్రజీర ఒకటి కనిపించింది. దాన్ని ఇద్దరూ చూశారు. సాయంత్రం మళ్లీ కట్టమన్నాడు.

ఆ పద్ధతితోనే గడిచింది. ఆరునెలలకోసారి పద్మావతికి చూపించుకునేవారు. 1984లో అలా వెళ్లినప్పుడు ఆమె తవిటయ్య నోరు చూసి, బాగానే ఉందని చెప్పి చేతులు కడుక్కుంటూ, పైడితల్లి ఒకవైపు బుగ్గ నొక్కుకుని నిలబడి ఉండటం గమనించింది. ఏమిటని అడిగితే ఏమీ లేదంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే ఏడాదై ఉంటుందంది. నువ్వు దేనితో తోముకుంటావని అడిగింది డాక్టరమ్మ. బస్సు టైముకి దొరికిన బొగ్గో బూడిదో, ఏదీ లేకపోతే వట్టి వేలో. ఐదేళ్లుగా తన నోటి సంగతి ఆలోచించిన గుర్తే పైడితల్లికి లేదు. కుర్చీలో కూర్చోమంటే క్యాంటీన్ టైమైపోతోందని కొంగు సర్దుకుని గుమ్మంవైపు కదిలింది.

గుమ్మంలో తవిటయ్య కర్ర ఆనించుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఎల్లు, కూకో" అన్నాడు. "నోరు తెరు. నాను బయటికి పోతానుగాని."

ఆమె వెళ్లి కూర్చుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని నోరు తెరిచింది. తవిటయ్య వరండాలోకి వెళ్లి బెంచీ మీద, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు.